అడ్డగీత పక్కన వేలిముద్ర

లారీ వెనక తలుపు సగం పడింది. మిగిలిన సగంలోంచి, సూది అని అందరూ పిలిచే నర్సు లోపలికి దూరింది.

"అమ్మోయ్! దిగమ్మా! ఇది బస్సు కాదు!" కిందనుంచి డ్రైవరు అరిచాడు.

"తెలుసు. బస్సయితే నిలబడ్డానికైనా చోటుండేది," లోపలినుంచి జవాబొచ్చింది.

నిజంగానే చోటు లేదు. అడుగు నుంచి పైదాకా కాయితం కట్టలే. నీటిపారుదల కచేరీ పాత భవనం ఖాళీ చేస్తోంది. యాభై ఏళ్ళు దాటిన రిజిస్టర్లన్నీ కాగితం మిల్లుకి వెళ్ళిపోతున్నాయి. పదకొండింటికి లారీ మిల్లు చేరుతుంది. పన్నెండింటికి కట్టలు తొట్టిలో పడతాయి. సాయంత్రానికి గుజ్జు.

ఆ కట్టల్లో ఎక్కడో ఒక పుస్తకం ఉంది. అది దొరక్కపోతే ఇవాళ సాయంత్రం ఆరింటికి ఒక రాతిమీద ఒక వాక్యం చెక్కేస్తారు. చెక్కాక ఇక చెరగదు.

టీ గ్లాసు చేత్తో పట్టుకుని రికార్డు గుమస్తా పరిగెత్తుకొచ్చాడు. గ్లాసులో టీ సగం ఆయన చొక్కా మీదే ఉంది.

"లారీ సోమవారం వస్తుందన్నారు మీరు!" సూది కట్టల మధ్యనుంచి తల బయటపెట్టి అరిచింది. "ఇవాళ శనివారం!"

"లారీ వాడు రెండ్రోజులు ముందే వస్తాడని నాకేమన్నా కలొచ్చిందా నర్సమ్మా? రావలసినవాడు ఆలస్యంగా వస్తాడు, అక్కర్లేనివాడు ముందే వస్తాడు. లోకం తీరే అంత." గ్లాసు మెట్టు మీద పెట్టి ఆయన కూడా లారీ ఎక్కాడు. "ఎర్ర గుడ్డ చూడు. తూము పుస్తకాలు ఎర్ర గుడ్డలో కడతాం. తెల్ల గుడ్డవి జీతాలవి. వాటి జోలికి పోకు, తేళ్ళుంటాయి."

"ఎర్రవాటిలో ఉండవా?"

"ఉంటాయి. కానీ అవి నాకు అలవాటైన తేళ్ళు."

డ్రైవరు హారను కొట్టాడు. ఒకసారి కాదు, చెయ్యి తియ్యకుండా కొట్టాడు. సూది వినలేదు. ఎర్ర కట్ట దొరికితే అట్టముక్క మీది సంవత్సరం చూడటం, కాకపోతే పక్కకి నెట్టడం. ఆరో కట్ట. తొమ్మిదో కట్ట. గోళ్ళలో బూజు దూరింది. ఇంజను స్టార్టయింది. అడుగు అదిరింది.

"ఇదిగో!" గుమస్తా మోకాళ్ళ మీద కూలబడి ఒక కట్టని పొట్టకి హత్తుకున్నాడు. "ఇదే ఏడు. దూకు!"

ఇద్దరూ దూకారు. లారీ కదిలింది. వెనక తలుపు సందులోంచి ఒక కాయితం ఎగిరి రోడ్డు మీద పడింది. ఎవరి జీతమో, ఎవరి సెలవో. గుమస్తా దాన్ని చూసి ముఖం తిప్పుకున్నాడు. ఆ గదిలో ఆయన ముప్పై ఏళ్ళు ఉన్నాడు.

* * *

ఆమెకి సూది అని పేరు పెట్టింది అమ్మమ్మ. సన్నగా నిటారుగా ఉండేది, పెద్దయ్యాక నర్సయింది, ఆ పేరు ఇక వదల్లేదు. ప్రభుత్వాసుపత్రి కాన్పుల వార్డులో పంతొమ్మిదేళ్ళ ఉద్యోగం. పుట్టిన ప్రతి బిడ్డ పాదాన్నీ సిరాలో అద్ది కాయితం మీద వెయ్యాలి. పక్కన తల్లి బొటనవేలు వేయించాలి. అన్నేళ్ళలో ఎన్ని వేళ్ళు పట్టుకుందో లెక్క లేదు. వేలిముద్ర చూసి బట్టలుతికే చెయ్యా, కలం పట్టే చెయ్యా చెప్పేస్తుందని వార్డులో పందేలు కట్టేవాళ్ళు. ఎప్పుడో గానీ ఓడేది కాదు.

అమ్మమ్మకి తొంభై ఏళ్ళు. ఇంట్లో ఆమె మీద రెండు జోకులు ఎప్పుడూ తాజాగా ఉండేవి. మొదటిది కుళాయి. అమ్మమ్మ జన్మలో కుళాయి తిప్పి ఎరగదు. ఎవరినో పిలిచి తిప్పించుకుంటుంది, ఎవరిచేతో కట్టించుకుంటుంది, ఆ తరవాత అరగంట "కట్టిందా? సరిగా చూశావా? ఇంకోసారి చూడు" అని ప్రాణం తీస్తుంది. "మా అమ్మ పైనెక్కడికి పోయినా ముందు అక్కడి కుళాయిలు కట్టారో లేదో అడుగుతుంది," అనేవాడు మావయ్య. రెండోది వేలిముద్ర. ఆస్పత్రిలో ఏ కాయితం ఇచ్చినా, చేతులు వణుకుతున్నా, గంటసేపు పట్టినా సరే సంతకమే చేస్తుంది. వేలు పెట్టమంటే పిడికిలి బిగించేస్తుంది.

మూడు వారాల కిందటి దాకా అవి జోకులే.

అమ్మమ్మ పుట్టిన ఊరికి ఎగువన ఆనకట్ట ఉంది. ఆనకట్టకి ఒక తూము. తూముకి ఒక కాపలాదారు. అతనే అమ్మమ్మ తండ్రి. ఊరంతా తూములాయన అనేవారు. ఎనభై ఏళ్ళ కిందట ఒక వానాకాలం సాయంత్రం, మూసి ఉండాల్సిన తూము బార్లా తెరుచుకుంది. తెల్లారేసరికి దిగువపేటలో పద్నాలుగు శవాలు తేలాయి. విచారణలో తూములాయన చేతులు కట్టుకుని నిలబడి, "తాగి ఉన్నాను. నేనే తెరిచాను," అన్నాడు. జైలుకి పోయాడు. మూడో ఏట అక్కడే పోయాడు.

ఇంట్లో ఆ సంగతి ఎవరూ ఎత్తేవారు కాదు. మావయ్య బడిలో నీళ్ళు తాగుతుంటే పక్కవాళ్ళు "తూము కట్టెయ్ రా, పేట మునుగుతుంది" అనేవాళ్ళట. అంతకు మించి సూదికి తెలియదు.

ఇప్పుడు దిగువపేటవాళ్ళు ఆ పద్నాలుగు మంది పేర్లతో రాయి వేస్తున్నారు. పేర్ల కింద ఒక వాక్యం: 'తాగిన తూము కాపలాదారు చేతిలో ప్రాణాలు పోగొట్టుకున్నవారు.' మావయ్య ఆ సంగతి అన్నంముందు మామూలుగా చెప్పాడు. అమ్మమ్మ చెయ్యి కంచంలో ఆగిపోయింది.

"మా నాన్న తాగేవాడు కాదు. తూము తెరవలేదు. ఆ మాట చెక్కనివ్వకండి."

"మరెవరు తెరిచారే?" అన్నాడు మావయ్య.

అమ్మమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. ఆ పూటనుంచి పాలు తప్ప ఏమీ లోపలికి పోలేదు. మూడు వారాలకి మనిషి మంచానికి అతుక్కుపోయింది. రోగం ఏమీ లేదని డాక్టరు చెప్పాడు. అది రోగం కంటే చెడ్డదని సూదికి తెలుసు.

రాయి వేయిస్తున్న మనిషిని ఇటుకల పెద్దాయన అంటారు. మూడు బట్టీల యజమాని. విచారణ నడిపిన ఓవర్సీరుకి సొంత మనవడు. సూది వెళ్ళి అడిగితే ఆయన సూటిగా చెప్పాడు. "నోటిమాట చెల్లదమ్మా. ఆ పద్నాలుగు మందిలో మా వాళ్ళు ముగ్గురు. కాయితం తే, లైను తీసేయిస్తా. శనివారం ఆరింటిదాకా రాతివాణ్ణి ఆపుతా. ఆపైన నన్నడగొద్దు."

అప్పటినుంచి సూది కాయితాల వెంట పడింది. మావయ్య గొణిగాడు. "చచ్చినవాడి కళ్ళు చారడేసని, ఇప్పుడు మా తాత మహాత్ముడైపోతాడా? తవ్వినకొద్దీ బురదే వస్తుందే పిల్లా."

బురద రాలేదు. అమ్మమ్మ ఇనప్పెట్టె అడుగున నాలుగు మడతల చీటీ దొరికింది. జైలువాళ్ళు పంపిన చావు కబురు. దానిమీద ఖైదీ నంబరు ఉంది. ఆ నంబరు పట్టుకుని జైలుకి వెళితే చేరిక పుస్తకంలో తూములాయన కుడి బొటనవేలు దొరికింది. చిన్న గోలీ అంత వెడల్పు, మధ్యలో చక్రం తిప్పి తిప్పి కాయ కాసిన చోట గీతలు అరిగిపోయి ఉన్నాయి. పక్కన జైలు డాక్టరు రాసిన మాట: 'మద్యం అలవాటు లేదు.' మనసు కొంచెం తేలికపడింది. కానీ ఆ తరవాతి పుస్తకం తెరిచి ఉండకూడదు.

అది ఖైదీలను చూడటానికి వచ్చినవారి పుస్తకం. నెలకొకసారి ఒకటే వరస. 'కూతురు. వయసు పదకొండు. పినతల్లితో వచ్చినది.' చివరి గడిలో: 'ఖైదీ రానన్నాడు.' పై నెల: 'ఖైదీ రానన్నాడు.' ఆ పై నెల కూడా అదే. పంతొమ్మిదిసార్లు ఆ పిల్ల వచ్చింది. పంతొమ్మిదిసార్లు తండ్రి గదిలోంచి కదల్లేదు. ఆఖరిదాంట్లో మాత్రం ఒక ముక్క ఎక్కువ ఉంది. 'ఖైదీ రానన్నాడు. చదువుకోమని చెప్పమన్నాడు.'

కన్నకూతురి మొహం చూడనన్న మనిషి ఎలాంటివాడు? సిగ్గేమో అనుకుంది సూది. సిగ్గయితే ఒకసారి రాకపోవచ్చు, రెండుసార్లు రాకపోవచ్చు. పంతొమ్మిదిసార్లా?

* * *

రికార్డు గది ఇప్పుడు బోసిగా ఉంది. అరలు మాత్రం మిగిలాయి. గుమస్తా కిటికీ దగ్గర బల్ల మీద ఎర్ర గుడ్డ విప్పి, పొడి బట్టతో అట్ట తుడిచాడు.

పుస్తకంలో నాలుగు గడులు. తేదీ, వేళ, చుట్లు, ముద్ర. తూములాయనకి చదువు రాదు కాబట్టి తేదీ, వేళ వారానికోసారి ఓవర్సీరు వచ్చి నింపేవాడు. తెరిస్తే తూములాయన నిలువుగీత గీసేవాడు. మూస్తే అడ్డగీత. ఎన్ని చుట్లు తిప్పితే అన్ని చుక్కలు. పక్కన కుడి బొటనవేలు. రోజు తరవాత రోజు, అదే వెడల్పు, అదే అరుగుదల. సూది పేజీలు తిప్పుతుంటే ముత్తాత పక్కన నడుస్తున్నట్టే ఉంది.

ఒక పేజీ అంచున చిన్న పిచ్చుక బొమ్మ. దాని కింద ఓవర్సీరు దస్తూరి: 'ప్రభుత్వ పుస్తకమందు పిచ్చుకలు గీయరాదు.' దాని కింద క్షమాపణలా తూములాయన వేలిముద్ర.

"చూడు చూడు," గుమస్తా నవ్వాడు. "ముప్పై ఏళ్ళు ఈ గదిలో కూర్చున్నా, ఇంత ముచ్చటైన కాయితం నా కంటపడలేదు. అది మిల్లుకి పోతోంది!"

ఆరు పేజీల తరవాత ఓవర్సీరు దస్తూరి మళ్ళీ వచ్చింది. 'కొత్త చక్రం బిగించడమైనది. ఒంటిచేత్తో తిరుగును. పాతదానికి ఎదురు తిరుగును. ఎడమకు తిప్పిన మూత, కుడికి తిప్పిన తెరుపు. కాపలాదారుకు చెప్పడమైనది.' పక్కన తూములాయన వేలు.

తరవాతి పేజీ తిప్పింది. మూడు రోజుల తరవాతి సాయంత్రం.

అడ్డగీత. పది చుక్కలు. వేలిముద్ర.

దాని కింద ఇంకేమీ లేదు. ఆ తరవాతి పేజీలన్నీ ఖాళీ.

"అడ్డగీతంటే మూసినట్టు కదా," అన్నాడు గుమస్తా కళ్ళజోడు సర్దుకుంటూ. "తూమేమో తెరిచి ఉంది. అందుకే విచారణలో దొంగగీత అన్నారు. తెరిచి, మూశానని గీశాడన్నారు."

సూది వేలిముద్ర మీదికి వంగింది. ఎనభై ఏళ్ళలో ఎవరూ దాన్ని చూడలేదు. చూడాల్సిన పని లేదు కూడా, మనిషే ఒప్పుకున్నాడు కాబట్టి.

అది తూములాయన వేలు కాదు.

ఆమె సంచిలోంచి జైలు ముద్ర నకలు తీసి పక్కన పెట్టింది. అది గోలీ అంత. ఇది బఠాణీ గింజంత. ఒక్క గీత కూడా అరగలేదు.

"కాదు కదా?" గుమస్తా గొంతు పైకి లేచింది. "నర్సమ్మా! ఆయన కాదు కదా! గెలిచావు! మరి ఎవరిదంటావు? ఆ ఓవర్సీరుదే అయ్యుంటుంది. వాళ్ళే చేసి పాపం చదువురాని మనిషి నెత్తిన..."

సూదికి ఆయన మాటలు వినపడలేదు. ముద్రకి అడ్డంగా ఒక తెల్లని గీత ఉంది. సిరా అంటని గీత. కుడివైపు పైనుంచి ఎడమవైపు కిందికి వాలుగా దిగింది. తెగి మానిన మచ్చ. కాయితం మీద వేసినప్పుడు కుడి ఎడమవుతుంది, ఎడమ కుడవుతుంది. అంటే వేలి మీద ఆ మచ్చ ఎడమ పైనుంచి కుడి కిందికి ఉండాలి.

ఆ వేలు ఆమెకి తెలుసు. వారం వారం దాని గోరు కత్తిరించేది తనే. ఏడేళ్ళప్పుడు గడ్డి కోస్తుంటే కొడవలికి తెగిందని అమ్మమ్మ చెప్పింది.

ఆమె పుస్తకం మూసింది.

"తీసుకెళ్ళనా?"

"ఆ పుస్తకం ఇందాకే మిల్లుకి పోయింది," గుమస్తా కిటికీలోంచి బయటికి చూస్తూ అన్నాడు. "నీ చేతిలో ఉన్నది నాకు కనపడటం లేదు. చూపు మందగించింది."

* * *

బస్సులో కిటికీ పక్కన చోటు దొరికింది. మధ్యాహ్నపు ఎండ ఒళ్ళో ఉన్న ఎర్ర గుడ్డ మీద పడుతోంది.

ఇప్పుడు అన్నీ వాటంతట అవే వరసలో కూర్చుంటున్నాయి. కుళాయి. 'కట్టిందా? ఇంకోసారి చూడు.' వేలు అడిగితే బిగిసే పిడికిలి. అన్నేళ్ళూ ఇంటిల్లిపాదీ ఆ పిడికిలి చూసి నవ్వారు. తనూ నవ్వింది. అందరికంటే ఎక్కువ తనే నవ్వింది.

జైలు పుస్తకం కూడా తెలిసింది. తండ్రి ఊచల దగ్గరికి వస్తే, పక్కన కాపలావాడు నిలబడి వింటుండగా, ఆ పదకొండేళ్ళ పిల్ల ఏడుస్తూ నిజం చెప్పేస్తుంది. అందుకే రాలేదు. పంతొమ్మిదిసార్లు కూతురు వచ్చిందని విని, గోడకి ఆనుకుని, రాననే అన్నాడు. ఆఖరికి చదువుకోమన్నాడు. చదువుకుంటే ఇంకెప్పుడూ వేలు పెట్టక్కర్లేదు.

బస్సు ఆగింది, కదిలింది. సూది కళ్ళు తుడుచుకుని లెక్క వేసుకోవడం మొదలుపెట్టింది. ముత్తాత పేరు నిలబడాలి. అమ్మమ్మ పేరు బయటికి రాకూడదు. రెండూ జరగాలంటే మూడో మనిషి కావాలి. ఓవర్సీరు ఉన్నాడు. చచ్చి అరవై ఏళ్ళు. చచ్చినవాడికి నింద బరువా? ఎనభై ఏళ్ళు మా ఇంట్లో మోశాం, కాసేపు వాళ్ళు మోస్తే ఏం పోయింది?

అడ్డం ఒక్కటే. కొత్త చక్రం గురించి రాసిన పేజీ. అది చదివితే ఎవరో మూయబోయి తెరిచారని ఎవడికైనా తడుతుంది. అప్పుడు ఎవరని అడుగుతారు.

పంతొమ్మిదేళ్ళ ఉద్యోగంలో సూది ఒక్క రిజిస్టరులో ఒక్క కాయితం చింపలేదు. ఆ పేజీని కుట్టు దగ్గర వేలితో నొక్కి, బస్సు హారను కొట్టినప్పుడు చింపింది. మడిచి జేబులో పెట్టుకుంది.

* * *

ఇటుకల పెద్దాయన అయిదున్నరకి వచ్చాడు. భారీ మనిషి. గుమ్మం దగ్గర చెప్పులు విప్పి, ముందు గదిలో అమ్మమ్మ మంచానికి ఎదురుగా కుర్చీలో కూర్చున్నాడు. కుర్చీ మూలిగింది. మావయ్య గోడకి చేరబడి నిలబడ్డాడు.

"రాతివాడు పేర్లు చెక్కేశాడు. కింది లైనుకి ఉలి పట్టుకుని కూర్చున్నాడు. చూపించమ్మా," అన్నాడు పెద్దాయన.

సూది పుస్తకం తెరిచి ఆఖరి పేజీ చూపించింది. పక్కన జైలు ముద్ర పెట్టింది. తాగుడు లేదని జైలు డాక్టరు రాసిన మాట చదివి వినిపించింది. పెద్దాయన రెండు ముద్రల్నీ చాలాసేపు చూశాడు.

"ఒకరివి కావు," అన్నాడు చివరికి. "ఒప్పుకున్నా. రోజూ పచ్చి ఇటుకల మీద వేళ్ళు చూసేవాణ్ణి. ఇవి ఇద్దరివి."

మావయ్య గోడ వదిలి ముందుకొచ్చాడు. "అంటే మా తాత..." అని ఆగిపోయాడు. అరవై ఏడేళ్ళ మనిషి కండువాతో మొహం తుడుచుకున్నాడు. "బడిలో నన్ను... ఊరికే అన్నారన్నమాట."

"మరి ఇది ఎవరిది?" అన్నాడు పెద్దాయన.

సూది మంచంవైపు చూడలేదు. "మీ తాతగారిది."

పెద్దాయన మెల్లిగా లేచాడు.

"ఏమన్నావు?"

"తూము దగ్గరికి వచ్చేది ఇద్దరే. ముత్తాత, ఓవర్సీరు. ఇది ముత్తాతది కాదు."

"మా తాతకి సంతకం వచ్చు. ఆయన వేలెందుకు పెడతాడు?"

"కాపలాదారు పెట్టినట్టు కనపడాలని."

"బాగుంది. ఎనభై ఏళ్ళు ఆగి అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, మీ నింద మాకు దానం చేస్తున్నావా? కాయితం తెమ్మన్నానే గానీ బురద తెమ్మన్నానా?" ఆయన పుస్తకం కిటికీ వెలుగులోకి లాక్కున్నాడు. "మా తాత ఆరడుగుల మనిషమ్మా. ఆయన వాడిన పారపిడి ఇంకా మా ఇంట్లో ఉంది, నా పిడికిలికి అందదు. ఆయన వేలు ఇంతేనా? ఇది పెద్దవాళ్ళ వేలే కాదు. మా బట్టీలో పచ్చి ఇటుకల మీద పనివాళ్ళ పిల్లలు ఆడుకుంటూ నొక్కుతారు, ఇదిగో, అచ్చం ఇంతే ఉంటుంది." ఆయన ఆగాడు. తను ఏమన్నాడో తనకే ఆలస్యంగా అర్థమైనట్టు పుస్తకంవైపు మళ్ళీ చూశాడు. "ఇది పసిపిల్ల వేలు."

"కాదు," అంది సూది. "నేను పంతొమ్మిదేళ్ళుగా వేలిముద్రలు వేయిస్తున్నాను. ఇది పెద్ద మనిషిదే. ఓవర్సీరుదే."

"ఇందాక కుడిజేబు తడుముకున్నావు. ఇప్పుడు మళ్ళీ తడుముకుంటున్నావు. అందులో ఏముంది?"

"ఏమీ లేదు."

"సూదీ."

మంచం మీదనుంచి వచ్చింది ఆ గొంతు. మూడు వారాలుగా పాలు తాగిన గొంతు, సన్నగా, కానీ వణక్కుండా.

"జేబులోది తీసి ఇచ్చెయ్యి. నువ్వు అబద్ధం ఆడితే చెవులు ఎర్రబడతాయి. చిన్నప్పట్నుంచీ అంతే."

"అమ్మమ్మా, నువ్వు పడుకో. ఇది నేను చూసుకుంటాను. నీకు తెలీదు."

"నాకు తెలియనిది ఏముందే అందులో?"

సూది కాయితం ఇవ్వలేదు. అమ్మమ్మే చెయ్యి చాపింది. ఆ చెయ్యి గాలిలో అలాగే ఉండిపోయింది. ఇక దించదని అర్థమయ్యాక సూది జేబులోని మడత తీసి అందులో పెట్టింది. అమ్మమ్మ దాన్ని చూడకుండానే పెద్దాయనకి అందించింది.

"చదువు నాయనా. గట్టిగా చదువు. నా కొడుక్కి కూడా వినపడాలి."

పెద్దాయన చదివాడు. ఎడమకు తిప్పిన మూత, కుడికి తిప్పిన తెరుపు. చదివి ఆగాడు.

"మీ తాత మంచివాడే," అంది అమ్మమ్మ. "పిచ్చుక గీస్తే తిట్టాడు గానీ, మళ్ళీ వారం వచ్చినప్పుడు తెల్ల కాయితం తెచ్చిచ్చాడు. చక్రం సంగతి కూడా చెప్పాడు. మా నాన్న విన్నాడు. విన్న రెండోనాటికి జ్వరం తగిలింది. మంచం మీద కాగిపోతున్నాడు, ఒంటిమీద స్పృహ లేదు. ఆ సాయంత్రం ఎగువన మబ్బు పట్టింది. జ్వరం రాకముందు నాన్న పొలాలకి రెండు చుట్లు తెరిచిన తూము అలాగే ఉంది. చీకటి పడేలోగా కట్టకపోతే దిగువకి ప్రమాదం. నాన్న కళ్ళు తెరిచి, పక్కనున్న పిల్లతో అన్నాడు. 'వెళ్ళి కుడికి తిప్పు, తిరిగినన్ని చుట్లు తిప్పు' అన్నాడు. నాలుగేళ్ళు పాత చక్రం తిప్పిన మనిషి. జ్వరంలో పాతమాటే వచ్చింది."

మావయ్య మెల్లిగా నేలమీద కూర్చున్నాడు.

"పాత చక్రమైతే ఆ పిల్ల చేతికి కదిలేది కాదు. కొత్తది నున్నగా తిరిగింది. బరువు లేదు. ఎంత సంతోషమేసిందో దానికి. నాన్న పని తనే చేసేసింది. ఒకటి, రెండు, మూడు, పది చుట్లు తిప్పింది. నీళ్ళ చప్పుడు పెరిగింది. మూస్తుంటే నీళ్ళు కోపంతో అరుస్తున్నాయనుకుంది. తరవాత పుస్తకం తీసి, నాన్న గీసినట్టే అడ్డగీత గీసింది. పది చుక్కలు పెట్టింది. కలం కుడిచేతిలో ఉంది కాబట్టి ఎడమ బొటనవేలు సిరాలో ముంచింది. ఇంటికొచ్చి 'కట్టేశా నాన్నా' అంది. 'మా తల్లే' అన్నాడు. ఆ మాటతో కళ్ళు మూశాడు, మళ్ళీ తెల్లారి కేకలకే తెరిచాడు."

పెరట్లో కుళాయినుంచి ఒక చుక్క పడింది. ఇంకొకటి పడింది. అమ్మమ్మ అటువైపు తల తిప్పి విన్నది. ఈసారి కట్టిందా అని అడగలేదు.

"మీ రాతిమీద ఏడో పేరు," అంది. "అది ఆ పిల్లకి నేస్తం. ముందురోజు ఇద్దరూ ఆ చక్రం చూడ్డానికి వెళ్ళారు."

పెద్దాయన ఆ కాయితాన్ని రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు. ఫోను ఆయన చొక్కా జేబులో రెండుసార్లు మోగి ఆగింది. రాతివాడే అయ్యుంటాడు.

"ఎనభై ఏళ్ళమ్మా," అన్నాడు, గొంతు తగ్గించి. "పదేళ్ళ పిల్ల. ఎవరూ ఏమీ అనరు. ఆ లైను తీసేయిస్తాను. ఇక్కడితో వదిలేద్దాం. ఎవరా పిల్లని నేనడగను."

"అడుగు."

"వద్దమ్మా."

"మా నాన్న నన్ను చెప్పనివ్వలేదు. నెల నెలా వెళ్ళాను, ఎదురుపడలేదు. నువ్వన్నా అడుగు నాయనా."

సూది మంచం పక్కన కూలబడి అమ్మమ్మ ఎడమచెయ్యి పట్టుకుంది. పిడికిలి బిగించి లేదు. తనంతట తనే తెరుచుకుంది. బొటనవేలి మీద, ఎడమ పైనుంచి కుడి కిందికి, పాత కొడవలి మచ్చ.

పెద్దాయన కుర్చీ వదిలి నేలమీద మోకాలు ఆన్చాడు. "తూము తిప్పింది ఎవరమ్మా?"

అమ్మమ్మ ఆ వేలిని పుస్తకంలో అడ్డగీత పక్కన ఆనించింది.

"రాతివాడికి చెప్పు. మా నాన్న కాదు. మీ తాత కాదు. నేను. తూము తిప్పింది నేనే."